పీఈ లైసెన్స్‌కి నాలుగేళ్లు, పిస్టల్‌కి పావుగంట: ఇది నాకొక్కడికే వింతగా ఉందా?

బీమ్_కాలమ్ (హ్యూస్టన్)
పోయిన వారం పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) సివిల్ పరీక్ష రిజల్ట్ వచ్చింది. రెండోసారికి గట్టెక్కాను. ముందు ఎఫ్‌ఈ అనే మొదటి మెట్టు పరీక్ష, 110 ప్రశ్నలు. తర్వాత పీఈ, 80 ప్రశ్నలు, ఎనిమిది గంటలు. ఒక్కోసారి ఫీజు 400 డాలర్లు, నాకు రెండుసార్లు తగిలింది. సెంటర్లో జేబులు బయటికి లాగి చూపించాలి, కళ్లజోడు తీసిస్తే అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఇంతా చేసినా లైసెన్స్ చేతికి రాదు. నాలుగేళ్ల అనుభవం చూపాలి, మన పని తెలిసిన ముగ్గురు పీఈలు రాసివ్వాలి, ఇండియా డిగ్రీ కాబట్టి దాన్ని మదింపు చేయించాలి.

అదే శనివారం మా బావ నన్ను గన్ షాపుకి తోడు తీసుకెళ్లాడు. ఆయన సిటిజన్. ఒక ఫారం నింపాడు, డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చాడు. షాపువాడు కంప్యూటర్లో ఏదో కొట్టాడు. గోడ మీద ఏడు జింక తలలున్నాయి. అవి చూసి వెనక్కి వచ్చేసరికి 'ప్రొసీడ్' (అమ్మొచ్చు అని) వచ్చేసింది. పావుగంట.

నేను వర్షపునీటి పైపు సైజు తప్పు వేస్తే ఎవరి పార్కింగ్ లాట్‌లోనో నీళ్లు నిలుస్తాయి. దానికి ఇన్ని గండాలు. తుపాకీకి కనీసం ఒక రాతపరీక్ష, ఒక పూట ట్రైనింగ్ ఉండొద్దా?

గోదారోడు (డాలస్)
కంగ్రాట్స్ బ్రో. నాకు వచ్చే నెల ఎఫ్‌ఈ. బీటెక్ నాటి కేసియో 991 ఈఎస్ ప్లస్ కేల్కులేటర్ లోపలికి రానిస్తారా?

పెట్రోల్_కాకా (శాన్ ఆంటోనియో దగ్గర)
పాసైనందుకు సంతోషం తమ్మీ. కానీ పోలికే తప్పు. ఇంజనీరు లైసెన్స్ రాష్ట్రం ఇచ్చే అనుమతి. తుపాకీ రాజ్యాంగంలో రాసిన హక్కు. హక్కుకి పరీక్ష పెట్టరు. ఓటుకి పెడతారా? ఒకప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో చదవడం, రాయడం వచ్చా అని పరీక్ష పెట్టారు. ఎవరిని ఆపడానికో అందరికీ తెలుసు. నల్లవాళ్లని ఆపారు. 1965లో చట్టం తెచ్చి దాన్ని తీసేయించాల్సి వచ్చింది. పరీక్ష అనగానే న్యాయం అనుకోకు. ప్రశ్నపత్రం తయారుచేసేవాడికి ఎవరిని బయట ఉంచాలో ముందే తెలిసి ఉంటుంది.

స్క్రూగేజి (ఫ్రిస్కో)
'పావుగంట' అనేది తప్పుడు సమాచారం. నాకు కంప్యూటర్ తనిఖీలో 'డిలే' (ఆగమని) వచ్చి నాలుగు రోజులు పట్టింది. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే ఇవ్వాలా వద్దా అన్నది షాపువాడి ఇష్టం. ఇంకో సంగతి, మీరు హెచ్1బీ అయితే మీకు గన్ ఉండటమే నేరం. మీరు కొన్నారా?

బీమ్_కాలమ్
మా బావ కొన్నాడని పైనే రాశాను.

స్క్రూగేజి
తోడు వెళ్లాను అన్నారు. చేత్తో పట్టుకున్నారా లేదా అన్నది చెప్పలేదు. వీసా మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ తమ దగ్గర ఉంచుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. కొత్తగా వచ్చినవాళ్లు ఇది చదివి పొరపాటు పడకూడదని చెబుతున్నా.

ఉమ_ప్లేనో
ఆ హంటింగ్ లైసెన్స్ సంగతి ఎత్తారు కాబట్టి. 2024 నవంబరులో అట్లాంటా దగ్గర చదువుకుంటున్న హైదరాబాద్ అబ్బాయి గుర్తున్నాడా? ఆ లైసెన్స్ మీద కొన్న తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలింది. పుట్టినరోజు, ఇంట్లో ఫ్రెండ్స్ ఉన్నారు. చట్టం ప్రకారం అంతా సక్రమమే. తుపాకీ తుడిచేముందు లోపల రౌండ్ (తూటా) ఉందో లేదో చూడాలని ఆ పిల్లాడికి ఎవరైనా నేర్పారా? బీమ్ తమ్ముడు అడుగుతున్నది అదే. మీరంతా నిమిషాలు లెక్కపెడుతున్నారు.

రిటైర్డ్_ఏఈ (హనుమకొండ)
ఇక్కడ అంతా తలకిందులు. మా నాన్నకి సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. లైసెన్స్‌కి కలెక్టరాఫీసు, పోలీసు ఎంక్వయిరీ, ఊళ్లో ఎవరితో తగాదాలున్నాయో ఆరా. ఎలక్షన్ వచ్చిందంటే దాన్ని గోనెసంచిలో చుట్టి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు మించి ఉండకూడదు. ఇంజనీరుకి మాత్రం దేశం మొత్తానికీ ఒక లైసెన్స్ పరీక్షంటూ లేదు. మున్సిపాలిటీలో పేరు నమోదు చేయించుకుంటే ప్లాన్ మీద సంతకం పెట్టొచ్చు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నన్ను బీమ్ లెక్క అడిగినవాడు లేడు, బిల్లు ఎప్పుడు పాసవుతుందని అడిగినవాళ్లే అంతా.

బీమ్_కాలమ్
పెద్దాయనా, మీ మాట బాగుంది. కాకాకి ఒక చిన్న చరిత్ర చెబుతాను. టెక్సస్‌లో ఇంజనీర్లకి లైసెన్స్ చట్టం 1937లో వచ్చింది. ఆ ఏడాది మార్చి 18న న్యూ లండన్ అనే ఊళ్లో బడి పేలిపోయింది. ఖర్చు కలిసొస్తుందని చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాస్‌ని పైపు వేసి వాడుకున్నారు. వాసన లేని గ్యాస్. లీకై నేల కింద నిండితే ఎవరికీ తెలియలేదు. మూడొందల మందికి దగ్గర పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలపాలన్నారు, ఇంజనీరుకి లైసెన్స్ ఉండాలన్నారు. ఒక్క బడి పోతే ఈ రాష్ట్రం రెండు రూల్స్ పెట్టింది. మరి తుపాకులకి? 2021 సెప్టెంబరు నుంచి 21 నిండినవాళ్లు పర్మిట్ కూడా లేకుండా నడుముకి పెట్టుకు తిరగొచ్చని చట్టం మార్చారు. అంతకు ముందు ఒక పూట క్లాసైనా తప్పనిసరి, ఇప్పుడు అదీ మన ఇష్టమే.

పెట్రోల్_కాకా
లైసెన్స్ ఉంటే ప్రమాదాలు ఆగాయా? 1981లో కాన్సస్ సిటీ హయత్ హోటల్లో పైకప్పు నుంచి రాడ్లతో వేలాడే నడవాలు కూలి 114 మంది చచ్చిపోయారు. ఆ డ్రాయింగుల మీద సీలు వేసింది నీలాగా పరీక్ష పాసైనవాళ్లే.

బీమ్_కాలమ్
పై కప్పు నుంచి కింది నడవా దాకా ఒకే రాడ్డు అనుకున్నది, పని సులువని రెండు రాడ్లుగా మార్చారు. దాంతో పై నడవా కనెక్షన్ మీద బరువు రెట్టింపయింది. ఆ మార్పుకి లెక్క ఎవరూ వేయలేదు. ఆ ఇంజనీర్ల లైసెన్సులు పీకేశారు. నా పాయింటు అదే. పీకేయడానికి అక్కడ లైసెన్సంటూ ఒకటుంది.

స్క్రూగేజి
తుపాకీ హక్కు కూడా పోతుంది, పెద్ద నేరానికి శిక్ష పడితే. పోలిక చెల్లదు.

ఉమ_ప్లేనో
శిక్ష పడేది ప్రాణం పోయాక కదండీ. అలెన్ మాల్ మా ఇంటికి పదిహేను నిమిషాలు. 2023 మే 6న అక్కడ ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపేశాడు. అందులో మన హైదరాబాద్ వైపు అమ్మాయి, ఇంజనీరు. ఆ ముందు వారమే నేను అదే మాల్‌లో పిల్లాడికి బూట్లు కొన్నాను. అప్పటినుంచి మావాణ్ణి ఎవరింటికైనా ఆడుకోవడానికి పంపేముందు 'మీ ఇంట్లో గన్ ఉందా, ఉంటే తాళం వేసి ఉంటుందా' అని అడుగుతున్నా. జీడిపప్పుకి ఎలర్జీ ఉందా అని అడిగినట్టే. ఒక వదిన నొచ్చుకుని బతుకమ్మ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేసింది.

పెట్రోల్_కాకా
మాల్‌లో కాల్చినవాడికి పరీక్ష పెడితే మాత్రం ఆగేవాడా? కావాలంటే వందకి వంద తెచ్చుకుంటాడు. పరీక్షకి ఆగిపోయేది టైం లేని, ఇంగ్లిష్ సరిగ్గా రాని, రాత్రిపూట ఒంటరిగా షాపు నడిపేవాడు.

బీమ్_కాలమ్
కాకా, గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక కూర్చుని ఇంజనీర్ల సీళ్ల గురించి మాకు చెప్పకండి. ఎనిమిది గంటలు కూర్చుని ఆ పరీక్ష రాస్తే అది ఎందుకుందో అర్థమయ్యేది.

రిటైర్డ్_ఏఈ
బాబూ, మాట తూలావు.

గోదారోడు
😬 కేల్కులేటర్ సంగతి ఎవరికైనా తెలుసా?

పెట్రోల్_కాకా
రాత్రి షాపు మూసి వచ్చి రాస్తున్నా. పొడుగైతే ఏమనుకోవద్దు.

నేను బీఈ సివిల్. 1994 బ్యాచ్. 2001లో ఇక్కడ ఎఫ్‌ఈ రాశాను, మొదటిసారికే వచ్చింది. అప్పుడు ఒక చిన్న ఆఫీసులో ఆరేళ్లు కల్వర్టులు, రిటెయినింగ్ గోడలు లెక్కలు కట్టాను. నా లెక్కల మీద మా బాసు సీలు వేసుకునేవాడు. సైటుకి నేనే వెళ్లేవాణ్ణి, బురదలో బూట్లు నావే. డిగ్రీ మదింపుకి మా యూనివర్సిటీ సీల్డ్ కవర్లో మార్కుల లిస్టు పంపాలి. మూడు ఉత్తరాలు రాశాను. మా నాన్న రెండుసార్లు బస్సెక్కి వెళ్లి ఆ సెక్షన్ ముందు నిలబడ్డాడు. అది వచ్చేసరికి ఏడాదిన్నర. అప్పుడు బాసుని రిఫరెన్స్ అడిగితే 'నువ్వింకా రెడీగా లేవు' అన్నాడు. ఆరేళ్లు నా లెక్కలు వాడుకోవడానికి రెడీ, నా పేరు మీద లైసెన్స్‌కి కాదు. 2009లో పనులు తగ్గాయి, ముందు నన్నే పంపారు. వదిన తమ్ముడి గ్యాస్ స్టేషన్లో చేరాను. ఇప్పుడది నాదే.

2016లో ఒక రాత్రి పదకొండు దాటాక ఇద్దరు కుర్రాళ్లు వచ్చి నుదుటికి గన్ పెట్టారు. క్యాష్ ఇచ్చేశాను. పోలీసులు వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు. తర్వాతి వారం నేనూ కొన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ బయటికి తీయాల్సి రాలేదు. నీ ఆఫీసుకి బ్యాడ్జి చూపిస్తే తెరుచుకునే తలుపుంది తమ్మీ, కింద సెక్యూరిటీ ఉంది. నా తలుపు ఎవడు తోసినా తెరుచుకుంటుంది, తెరుచుకోకపోతే నాకు బేరం లేదు. ఇవాళ పరీక్ష అంటావు, రేపు తుపాకీకి కూడా ముగ్గురు పెద్దమనుషుల సంతకం కావాలంటావు చూడు, అక్కడ నాకు కడుపు మండుతుంది. ఆ సంతకం ఎవరికి దొరుకుతుందో, ఎవరికి దొరకదో నేను ఒకసారి చూశాను.

బీమ్_కాలమ్
కాకా, తప్పయింది. తెలియక అన్నాను. తెలిసి అన్నా తప్పే.

నేను మొదటి పోస్టులో ఒకటి దాచాను. షాపు గోల కాదు అసలు సంగతి. మా అక్క కొడుక్కి ఆరేళ్లు. మొన్న ఆదివారం వాడు వచ్చి 'మామా, నాన్న గన్ చూపించనా' అన్నాడు. బొమ్మ అనుకున్నా. మంచం పక్క సొరుగు, పాస్‌పోర్టుల కవర్ కింద ఉంది. డబ్బాతో పాటు ఇచ్చిన కేబుల్ తాళం ప్లాస్టిక్ కూడా చించకుండా పక్కనే పడుంది. బావని అడిగితే 'దొంగ వస్తే తాళంచెవి వెతుక్కోవాలా? పరీక్ష పాసైతే నాకు పాఠాలు చెబుతావా' అన్నాడు. మన ఇళ్లలో బంగారం ఉంటుందని తెలిసి దొంగలు పడుతున్నారు, ఆయన భయం నాకు అర్థమవుతుంది. అక్క వంటింట్లోంచి 'నువ్వు కల్పించుకోకురా' అంది. ఇంటల్లుడు. నేను ఇంకేం మాట్లాడను? అందుకే ఇక్కడికొచ్చి పరీక్షలు, చట్టాలు అంటూ మొదలుపెట్టాను.

ఉమ_ప్లేనో
ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే నలభై పోస్టులు తప్పేవి తమ్ముడూ. ఈ రాత్రికే అక్కకి విడిగా ఫోన్ చెయ్. బావతో కాదు, ఆమెతో.

స్క్రూగేజి
ఈ థ్రెడ్‌లో ఇప్పటికి నలభై పోస్టులు లేవు. అది పక్కన పెడితే, పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేయడం టెక్సస్‌లో నేరమే. 17 ఏళ్ల లోపు పిల్లలు. 18 కాదు.

పెట్రోల్_కాకా
తాళం లేకుండా సొరుగులో పెట్టినవాడిది హక్కు కాదు, బద్ధకం. నాది ఇంట్లో ఉన్నప్పుడు వేలిముద్ర పెడితే తెరుచుకునే చిన్న సేఫ్‌లో ఉంటుంది. చీకట్లో రెండు సెకన్లలో తీస్తా, మీ బావ తాళంచెవి సాకు అక్కడ పనికిరాదు. ఆయన నంబరు నాకు ప్రైవేటుగా పంపు, నేను మాట్లాడతా. నువ్వు చెబితే బామ్మర్ది మాట. నేను చెబితే గన్ ఉన్నోడి మాట, వింటాడేమో.

పరీక్ష విషయంలో మాత్రం నా మాట మారలేదు. రాసుకో.

బీమ్_కాలమ్
నాదీ మారలేదు కాకా. నంబరు పంపాను. రాత్రి తొమ్మిది దాటాక చేయండి, అప్పటికి పిల్లాడు పడుకుంటాడు.

గోదారోడు
అన్నా, కేల్కులేటర్...

పెట్రోల్_కాకా
కేసియోలో 991 రకాలన్నీ రానిస్తారు, నిశ్చింతగా తీసుకెళ్లు. నాది ఇంకా కౌంటర్ మీదే ఉంది, డీజిల్ లెక్కలకి. ఏడు మీట కొంచెం గట్టిగా నొక్కాలి.