ఇన్‌పుట్ అడిగే ఫంక్షన్‌కి మాక్ టెస్ట్ చాలా, అసలు టెర్మినల్ కావాలా?

మిర్చియార్డు: గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టుకి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశానండి. బస్తాలెన్ని, తూకమెంత, క్వింటా ధరెంత అని వరసగా అడిగి, తరుగు తీసేసి రైతుకి రావాల్సింది లెక్క కడుతుంది. టెస్టులు నడిపే పైటెస్ట్‌తో చూస్తే మొదటి ప్రశ్న దగ్గరే ఓఎస్‌ఎర్రర్, కీబోర్డు నుంచి చదవనివ్వలేదు. పైటెస్ట్‌లోనే ఉన్న మాంకీప్యాచ్‌తో, జవాబు అడిగే ఇన్‌పుట్ ఫంక్షన్ స్థానంలో ఉత్తుత్తి ఫంక్షన్ (మాక్) పెడితే అన్నీ పాసయ్యాయి. దీన్ని నమ్మొచ్చా?

కృష్ణలంక: నిక్షేపంగా నమ్మొచ్చు. ఇన్‌పుట్ పనిచేస్తుందా లేదా అన్నది పైథాన్ వాళ్లు చూసుకుంటారు, మన లెక్క సరిపోతే చాలు.

బెంజిసర్కిల్: నేను ఒప్పుకోనండి. ఆ ఉత్తుత్తి ఫంక్షన్‌కి జవాబుల జాబితా ఇస్తాం, అది ప్రశ్న ఏమిటో చూడకుండా వరసగా ఒక్కోటీ అందించేస్తుంది. నా కోడ్‌లో ఒకసారి తూకం అడగాల్సిన చోట బస్తాలనీ, బస్తాలు అడగాల్సిన చోట తూకమనీ పడింది, అయినా టెస్టులన్నీ పాస్! రైతు డబ్బుతో వ్యవహారం, ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇక పాస్‌వర్డ్ అడిగే గెట్‌పాస్ ఉందంటే, లినక్స్‌లో అది స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని, అంటే ప్రోగ్రామ్‌కి మామూలుగా ఇన్‌పుట్ వచ్చే దారిని, వదిలేసి నేరుగా టెర్మినల్‌నే తెరుస్తుంది, మనం ఇంకో ప్రోగ్రామ్ నుంచి పైపులో పంపింది దానికి అందదు. ఇలా ప్రశ్న కోసం ఆగి, మనిషి టైప్ చేసినట్టే జవాబిచ్చే పనికే 1990లో డాన్ లిబ్స్ ఎక్స్‌పెక్ట్ అనే టూల్ తెచ్చాడు, పైథాన్‌లో పీఎక్స్‌పెక్ట్ లైబ్రరీ ఆ దారిలో వచ్చిందే.

కృష్ణలంక: ప్రశ్నలు తారుమారయ్యే సంగతి నాకు తట్టలేదు, అది నిజమే. కానీ పీఎక్స్‌పెక్ట్‌లో ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే స్పాన్ విండోస్‌లో నడవదు కదా. పైగా ప్రశ్నలో ఒక్క అక్షరం మారితే 30 సెకన్లు ఎదురుచూసి అప్పుడు ఫెయిలవుతుంది. అలాంటివి యాభై ఉంటే ఎవరు నడుపుతారు?

బెంజిసర్కిల్: యాభై ఎందుకండీ, రెండు చాలు, టైమవుట్ 5 సెకన్లకి తగ్గించుకోవచ్చు, లినక్స్ మెషీన్‌లో నడపొచ్చు. ముందు లెక్క కట్టే ముక్కని ఇన్‌పుట్‌తో సంబంధం లేకుండా వేరే ఫంక్షన్ చేయండి, తరుగు, కమీషన్, సున్నా బస్తాలు అన్నీ అక్కడే టెస్ట్ చేయొచ్చు. అడిగే ముక్కకి మీ మాకే ఉంచండి, కాకపోతే ప్రశ్న చూసి జవాబిచ్చేలా మార్చండి. పీఎక్స్‌పెక్ట్‌తో ఒకటి మొదలు నుంచి చివరిదాకా, ఇంకోటి మధ్యలో కంట్రోల్ డీ (ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే కీ) కొడితే ఏమవుతుందో. మనం పంపిన జవాబు కూడా తెరమీద ఎకో అవుతుంది, అంటే తిరిగి కనిపిస్తుంది, దాన్నే ఫలితం అనుకుని టెస్ట్ పాసైపోగలదు, అది మాత్రం చూసుకోండి.

మిర్చియార్డు: ఇప్పుడే కంట్రోల్ డీ కొట్టి చూశాను. ఈఓఎఫ్‌ఎర్రర్‌తో కూలిపోయింది, అప్పటిదాకా ఎక్కించిన ఏడు లాట్లూ పోయాయి. ముందు ఈ టెస్టే రాస్తాను.