ఏడేండ్లు "కొద్ది దినములా", "కొన్ని దినములా"?

వలసపిట్ట:
రెండు రోజులుగా ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది. బైబిలు ఆదికాండంలో యాకోబు రాహేలు కోసం ఆమె తండ్రి లాబాను దగ్గర ఏడేండ్లు చాకిరీ చేసిన చోట మా అమ్మమ్మ చదివింది నాకింకా చెవిలో ఉంది: "అవి అతనికి కొన్ని దినములుగా తోచెను". ఇప్పుడు ఫోన్‌లో చూస్తే "కొద్ది దినములుగా" అని ఉంది. అమ్మమ్మ ఊహించి చెప్పే మనిషి కాదు, అక్షరం కింద వేలు పెట్టి చదివేది. పాత ముద్రణల్లో "కొన్ని" ఉండేదా, నా చెవే మార్చుకుందా? ఎందుకో ఆ "కొన్ని" పోయిందంటే మనసు ఒప్పుకోవడం లేదు.

బడిపంతులు:
"కొద్ది"యే సరి. కొన్ని అంటే ఇన్నని చెప్పనివి, కొద్ది అంటే తక్కువ. "కొన్ని రోజులు పట్టింది" అంటే ఆలస్యమైందని వినేవాడికి అనిపిస్తుంది, "కొద్ది రోజులు పట్టింది" అంటే తొందరగా అయిపోయిందని. ఏడేండ్లు కరిగిపోయాయని చెప్పాల్సిన చోట "కొన్ని" చాలదు.

తేటగీతి:
పంతులుగారూ, "కొన్ని"కి తక్కువ అనే అర్థం లేదంటే పోతన ఒప్పుకోడు. "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని" అన్నప్పుడు ఆ "కొన్ని"లో ఎంత చులకన ఉంది! రాజులిచ్చేది ఆపాటిదేనని ఒక్క మాటతో తేల్చేశాడు. గణం చూసినా "కొద్ది", "కొన్ని" రెండూ గురువు లఘువే, యతి కూడా అక్కడ లేదు. కావాలంటే "సొమ్ములుఁ గొద్ది" అని వేసుకునేవాడు, వేసుకోలేదు.

బడిపంతులు:
అక్కడ చులకన "అధముల" నుంచి వచ్చింది తల్లీ, "కొన్ని" నుంచి కాదు.

పాతపుస్తకం:
మాటలో మాట, ఆ పద్యం మూడో పాదం మీరెలా చదువుతారు? "సమ్మెట పోటులం బడక" అనేవాళ్లు ఎక్కువైపోయారు. సమ్మెట పొడవదు కదా, మోదుతుంది. "సమ్మెట వ్రేటులం" అన్నదే నాకు సబబు.

తేటగీతి:
నాదీ "వ్రేటులం" పక్షమే. "వ్రే" ముందున్న "ట"ను తేల్చి పలికితే చాలు, గణభంగం లేదు. ఆ పద్యం చదువుతుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. మనుషుల కొలువు వద్దనుకున్నవాడి పద్యం అది. ఇక్కడ యాకోబుకేమో కొలువు తప్ప దారి లేదు. మన బైబిలు కూడా ఆ మాటే వాడింది చూడండి, "ఏడు సంవత్సరములు కొలువు చేసెను" అని.

కృష్ణాతీరం:
కొలువు అనగానే మనకు రాజుగారి సభ గుర్తొస్తుంది గానీ ఇతను చేసింది పాలేరు పని. ఇరవై ఏళ్ల తర్వాత లాబాను ముందు నిలబడి అతనే చెప్పుకుంటాడు, "పగటి యెండకును రాత్రి మంచుకును నేను క్షీణించిపోతిని" అని. కూతుళ్లిద్దరి కోసం 14 ఏళ్లు, మంద కోసం 6 ఏళ్లు, మధ్యలో జీతం పదిసార్లు మారింది. ఓలి, అంటే పిల్ల తండ్రికి ఇచ్చే సొమ్ము, ఇచ్చుకోలేనివాడు ఒంటి కష్టంతో చెల్లించాడు.

అసలు ప్రశ్నకు వస్తే, హెబ్రీలో అక్కడున్నది "యామీమ్ అహాదీమ్". యామీమ్ అంటే దినాలు. అహాదీమ్ మాత్రం చిత్రమైన మాట, "ఒకటి" అనే సంఖ్యకు బహువచనం. తెలుగులో "ఒకట్లు" అన్నట్టు. ఇదే జంట 27వ అధ్యాయం 44వ వచనంలో యాకోబు తల్లి రిబ్కా నోట వస్తుంది. పెద్దకొడుకు ఏశావు తమ్ముణ్ణి చంపుతానన్నాడని విని, యాకోబును హారానులో ఉన్న తన సహోదరుడు లాబాను దగ్గరికి పంపుతూ, ఏశావు కోపం చల్లారేదాకా అక్కడ "కొన్నాళ్లు" ఉండమంటుంది. తల్లి చెప్పిన ఆ కొన్నాళ్లే 29వ అధ్యాయంలో ఏడేండ్లయ్యాయి. ఆ తర్వాత తల్లీకొడుకులు మళ్లీ కలిసినట్టు ఆదికాండంలో ఎక్కడా లేదు. హెబ్రీలో వినేవాడికి రెండో చోట ఆ మాట తగలగానే తల్లి గొంతు వినిపిస్తుంది. మనకు ఒక చోట కొన్నాళ్లు, ఇంకో చోట కొద్ది దినములు అయ్యేసరికి ఆ తీగ తెగిపోయింది. మీ అమ్మమ్మగారి "కొన్ని"లో ఆ తీగ తెగలేదు!

బడిపంతులు:
అహాదీమ్ 11వ అధ్యాయం మొదటి వచనంలోనూ ఉంది, బాబెలు గోపురం కథలో. అక్కడ మనవాళ్లు "ఒక్క పలుకును" అన్నారు, కొన్ని పలుకులు అనలేదు. కాబట్టి ఒక మాటకు ఒకటే తెలుగు అని పట్టుబడితే కుదరదు.

ఇంకొకటి, నేను ఎన్నాళ్లుగానో అనుకుంటున్నది. తెలుగులో "కొద్ది"కి మేర అనే అర్థం కూడా ఉంది. శక్తికొద్దీ, చూసినకొద్దీ, ప్రేమకొద్దీ. ఆ వాక్యంలోనే "అతడు ఆమెను ప్రేమించుటవలన" అని ఉంది కదా, అనువాదకుడి చెవిలో "ప్రేమకొద్దీ" మోగి ఉంటుంది, అందుకే "కొద్ది" పడింది.

తేటగీతి:
ఊహ చాలా బాగుందండీ, నేను రాసిపెట్టుకుంటున్నాను. కానీ ఆ అర్థంలో చివర దీర్ఘం వినిపించాలి. ఇక్కడ హ్రస్వం, పైగా దినములకు విశేషణం.

బడిపంతులు:
దీర్ఘం పలుకుబడిలో వచ్చింది. "శక్తికొద్ది" అని హ్రస్వంతో రాసినవాళ్లూ ఉన్నారు.

పాతపుస్తకం:
పాత ముద్రణ సంగతి చెప్తాను. విశాఖపట్నంలో క్రాన్, డెగ్రాంజస్ అనే మిషనరీలు 1805లో దిగి బైబిలు అనువాదం మొదలుపెట్టారు, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయినవి సువార్తలు మాత్రమే. ఆదికాండం ఆ సంపుటంలో లేదు కనుక అక్కడ వెతికి లాభం లేదు.

నన్ను తొలిచేది వేరే మాట. యాకోబు బావి దగ్గర రాహేలునూ లాబాను గొర్రెలనూ చూసే 29వ అధ్యాయం పదో వచనంలో "తన తల్లి సహోదరుడు" అని మూడుసార్లు వస్తుంది. మనకు "మేనమామ" అనే చక్కటి మాట ఉండగా ఇంత పొడుగెందుకు? మేనమామ కూతురు అంటే తెలుగువాడికి ఆ బావి దగ్గరి కథ సగం అర్థమైపోతుంది కదా.

కృష్ణాతీరం:
అందుకే వాడలేదేమో అనిపిస్తుంది. మేనమామ అంటే మన మనసు మేనరికం వైపు పోతుంది, "తల్లి" అనే మాట అడుగున పడిపోతుంది. యాకోబు వచ్చింది నేరుగా కొలిచినా 700 కిలోమీటర్ల పైమాటే, బెయేర్షెబా నుంచి ఇప్పటి టర్కీ దక్షిణ అంచున ఉన్న హారాను దాకా. అంత దూరం వచ్చినవాడికి ఆ గొర్రెల్లోనూ ఆ పిల్లలోనూ తల్లి కనిపించింది. మూడుసార్లు తల్లిని తలవాల్సిందే.

వలసపిట్ట:
నాకు ఇంకో వచనం దొరికింది. ఆ వాక్యం వెంటనే 21వ వచనంలో యాకోబు "నా దినములు సంపూర్ణమైనవి" అంటాడు. అంటే రోజులు లెక్కపెడుతూనే ఉన్నాడు! లెక్కపెట్టుకున్నవాటికి "కొన్ని" నప్పుతుందని నాకనిపిస్తోంది. పరాయి దేశంలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను, వచ్చేటప్పుడు మా అమ్మతో రెండేళ్లే అని చెప్పి వచ్చాను. ఆ లెక్క ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇందాక పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడ వెంటనే "కొద్దినాళ్లుగా తోచెను" అని అప్పజెప్పింది. ఇప్పుడు మూడయ్యాయి. అమ్మమ్మ పుస్తకం పిన్ని బీరువాలోనే ఉందట, అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు ఉన్నాయో లేదో ఆదివారం చూసి చెప్తానంది.

కృష్ణాతీరం:
ఆ పేజీ ఫొటో తీయమనండి. 27వ అధ్యాయం 44వ వచనం ఉన్న పేజీ కూడా.

పాతపుస్తకం:
పంతులుగారూ, "పోటులం" మీద మీ మాట ఇంకా చెప్పలేదు.