పాపకు పై పన్ను ముందొస్తోంది, రాత్రిళ్ళు ఒకటే ఏడుపు. మీరేం చేశారు?

మాది తిరుపతి, కొర్లగుంట. పాపకు మొన్ననే పది నెలలు నిండాయి. ఆరో నెలకే పళ్ళొస్తాయని అందరూ అంటే రోజూ చిగుళ్ళు తడిమి చూసేదాన్ని. ఒక్కటీ లేదు. నాలుగో నెల నుంచి ఏడాది లోపు ఎప్పుడైనా రావచ్చని డాక్టరు చెప్పాక కొంచెం టెన్షన్ తగ్గింది.

వారం నుంచి చొంగ కారడం ఆగలేదు, గడ్డం కింద ఎర్రగా పేలింది. రాత్రి రెండింటికి లేచి ఏడుపు. చూస్తే పై చిగురు ఉబ్బి ఉంది. మామూలుగా కింది ముందు పళ్ళు రెండూ కదా మొదట వచ్చేది! ఇక మా అవ్వ మొదలుపెట్టింది, పై పన్ను ముందొస్తే మేనమామకు గండమని. చిత్తూరులో ఉన్న మా తమ్ముడు రోజూ ఫోన్ చేసి "అక్కా, కింది పన్ను వచ్చిందా?" అంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు.

చిగుళ్ళకు తేనె రాయమంటుంది అవ్వ. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు, అందుకే నేను ఒప్పుకోలేదు. చిగుళ్ళను మొద్దుబార్చే జెల్ జోలికీ పోలేదు. శుభ్రమైన తడి గుడ్డ ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే కాసేపు కొరుకుతుంది, అంతే.

నిన్న జ్వరం 101 చూపింది, విరేచనాలు కూడా. "పళ్ళ జ్వరమేలే" అంటున్నారంతా. పళ్ళ వల్ల ఇంత జ్వరం రాదు, సాయంత్రం ఆస్పత్రికి తీసుకెళ్తున్నా.

రాత్రిళ్ళు మీరెలా గడిపారు? గడ్డం కింద పేలినదానికి ఏం రాశారు? పై పన్ను ముందొచ్చిన పిల్లలుంటే, వాళ్ళ మేనమామలు బాగున్నారని ఒక మాట రాయండి. మా తమ్ముడికి చూపిస్తా.