‘పట్టివేతలు తగ్గాయి’ అంటే తగ్గినదేమిటి?

ప్రశ్న: ‘బెల్జియంలోని యాంట్వర్ప్ రేవులో కొకైన్ పట్టివేతలు తగ్గాయి’ అని నేను అనువదించిన వాక్యం చదివి, అక్కడ దొంగరవాణా అదుపులోకి వచ్చిందని ఒక మిత్రుడు అర్థం చేసుకున్నారు. మూలంలో ఆ భావం లేదు. దోషం ఎక్కడ ఉంది?

జవాబు: చాలావరకు మాటలోనే ఉందని నా అభిప్రాయం. కూల్చివేత, ఎత్తివేత, నిలిపివేత వంటి పదాలలో ‘వేయు’ అనే సహాయక్రియ పని ముగిసిందన్న భావాన్ని చేరుస్తుంది. కూల్చివేసిన తరువాత కూల్చడానికి ఏమీ మిగలదు. ‘పట్టివేత’లోనూ ఆ ధ్వని ఉండటంవల్ల, వచ్చిన సరుకంతా పట్టుకున్నారనీ, పట్టివేత తగ్గితే సరుకే తగ్గిందనీ అనిపిస్తుంది. ‘పట్టుబడు’ అటువంటిది కాదు. వలకు చిక్కిన చేప అనగానే చిక్కనివి నీళ్లలో ఉన్నాయని తెలిసినట్టే, ‘పట్టుబడిన సరుకు’ అంటే పట్టుబడనిది కూడా స్ఫురిస్తుంది.

మీ వాక్యానికి ఈ తేడా ప్రాణం. యాంట్వర్ప్‌లో 2023లో సుమారు 116 టన్నుల కొకైన్ పట్టుబడగా, 2024లో అది దాదాపు 44 టన్నులకు పడిపోయింది. అయితే ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం అంచనా ప్రకారం 2023లో ప్రపంచ కొకైన్ ఉత్పత్తి 3,708 టన్నులకు చేరింది. అది అంతకుముందు ఏడాదికంటే మూడోవంతు ఎక్కువ. పెద్ద రేవులలో తనిఖీలు బిగిసేకొద్దీ దొంగరవాణాదారులు చిన్న రేవులవైపు మళ్లుతున్నారు, నడిసముద్రంలో మూటలు జారవిడిచి పడవలతో ఏరుకుంటున్నారు, బొగ్గులోనో ప్లాస్టిక్‌లోనో కొకైన్‌ను కలిపి పంపి ఐరోపాలోని రహస్య ప్రయోగశాలలలో వేరుచేస్తున్నారు. పాత దారీ మూతపడలేదు: ఈక్వడార్‌లోని గ్వయాకిల్ నుంచి అరటిపళ్ల కంటెయినర్‌లో వచ్చిన 13 టన్నులు 2024 అక్టోబరులో స్పెయిన్‌లోని అల్హెసిరాస్ రేవులో దొరికాయి.

అందువల్ల ‘యాంట్వర్ప్ రేవులో పట్టుబడిన కొకైన్ పరిమాణం తగ్గింది’ అని రాయడం మేలు. ‘స్వాధీనం’ అనే మాట సరుకు ఇప్పుడు ఎవరి అధీనంలో ఉందో చెబుతుంది గాని ఈ చిక్కును తీర్చదు.

ప్రశ్న: అయితే ‘పట్టివేత’ను పూర్తిగా వదులుకోవాలా?

జవాబు: అవసరం లేదు. ‘అల్హెసిరాస్‌లో 13 టన్నుల కొకైన్ పట్టివేత’ అనే శీర్షికలో అది చక్కగా ఒదుగుతుంది, ఎందుకంటే అక్కడ చెప్పేది ముగిసిన ఒకే సంఘటన గురించి. ఏడాది పొడవునా సాగిన వ్యవహారానికి దానిని కొలమానంగా వాడినప్పుడే అర్థం పక్కదారి పడుతుంది.