టాస్క్ మేనేజర్‌ను 'మీ అడ్మినిస్ట్రేటర్ ఆపేశారు' అంటోంది. ఆ అడ్మినిస్ట్రేటర్‌ను నేనే, ఏం చేయాలి?

తెనాలి డీటీపీ:

అందరికీ నమస్కారం. తెనాలిలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫొటోషాప్ అన్నీ ఒకటే సిస్టమ్‌లో ఉన్నాయి, విండోస్ 10 ప్రో. నిన్న ఫొటోషాప్ బిగుసుకుపోతే టాస్క్ మేనేజర్ తెరవబోయాను. 'టాస్క్ మేనేజర్‌ను మీ అడ్మినిస్ట్రేటర్ డిసేబుల్ చేశారు' అని వచ్చింది. విండోస్ సెట్టింగులు దాచుకునే రెజిస్ట్రీని మార్చే రెజిస్ట్రీ ఎడిటర్ కూడా అదే మాట అంటోంది. షాపులో అడ్మినిస్ట్రేటర్ అంటే నేనే, వేరే ఎవరూ దాన్ని ముట్టుకోరు. కస్టమర్లు ఫొటోలు తెచ్చే పెన్‌డ్రైవులు పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోతున్నాయి. శ్రావణ మాసం ముహూర్తాల ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. ఫార్మాట్ కొట్టకుండా దారి ఉందా?

ఇంకో సంగతి. మా అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తుంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో కమాండ్‌లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే ఇలాంటి మెసేజే వస్తోందట. ఇక్కడ పనిచేసిన చిట్కా దానికీ పనిచేస్తుందా?

గుంటూరు సర్వీస్:

చిన్న పనేనండి. వీటన్నిటినీ ఒక్క క్లిక్‌తో ఎనేబుల్ చేసే టూల్స్ నెట్‌లో దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టండి. అమ్మాయి గారి ల్యాప్‌టాప్‌కి కూడా ట్రై చేయొచ్చు, పోయేదేముంది.

కాకినాడ ల్యాబ్:

తెనాలి గారూ, దయచేసి ఆ టూల్స్ జోలికి వెళ్లకండి. ఇప్పటికే ఏదో దూరిన సిస్టమ్‌లోకి, ఎవరు రాశారో తెలియని ఇంకో ప్రోగ్రామ్‌ను పూర్తి అధికారం ఇచ్చి మనమే పిలుచుకున్నట్టవుతుంది.

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. మా ల్యాబ్‌లో ఈ మెసేజ్ వచ్చేలా చేసేది నేనే. తెలిసినవాళ్ల ఇళ్లలో, షాపుల్లో దాన్ని తీసేదీ నేనే.

మెసేజ్‌లో అడ్మినిస్ట్రేటర్ అన్న మాట చూసి కంగారు పడకండి. రెజిస్ట్రీలో మీ యూజర్‌కి సంబంధించిన పాలసీల, అంటే ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు అన్న నియమాల దగ్గర ఒక చిన్న ఎంట్రీ ఉంటుంది. దాని విలువ 1 అయితే విండోస్ ఆ వాక్యం చూపిస్తుంది. ఆ 1 పెట్టింది మనిషా వైరసా అన్నది విండోస్ చూడదు. అయితే మామూలు యూజర్ అకౌంట్‌కి అక్కడ రాసే హక్కు ఉండదు. కాబట్టి మీ సిస్టమ్‌లో దాన్ని రాసిన ప్రోగ్రామ్‌కి అడ్మిన్ హక్కులు దొరికాయన్నమాట. మీరు రోజూ పని చేసే అకౌంటే అడ్మిన్ అకౌంట్ అయి ఉంటుంది. నాకు భయం వేసేది ఇక్కడే. టాస్క్ మేనేజర్ పోవడం పైకి కనిపించే లక్షణం మాత్రమే, అదొక్కటీ తెరిచేసి ఊరుకుంటే రీస్టార్ట్ చేయగానే మళ్లీ మూతపడుతుంది.

ముందు మీ డిజైన్ ఫైళ్లు, ఫొటోలు మాత్రం బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి, ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ ఫైళ్లు వద్దు. తర్వాత విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి, ఎక్స్‌క్లూజన్స్ అనే జాబితా చూడండి. స్కాన్ చేయకుండా వదిలేయాల్సిన చోట్లు అందులో ఉంటాయి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు చాలాసార్లు తమను తామే అక్కడ చేర్చుకుంటాయి. మీరు పెట్టనివి ఉంటే తీసేయండి. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను అప్‌డేట్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలవక ముందే స్కాన్ జరుగుతుంది. 15 నిమిషాలు పట్టొచ్చు. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునేవి అప్పుడు దొరుకుతాయి.

అది శుభ్రంగా వచ్చాకే పాలసీ సంగతి. మీది ప్రో కాబట్టి ఈ నియమాలను మార్చే గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, అందులో కంట్రోల్ ఆల్ట్ డిలీట్ ఆప్షన్స్‌లోకి వెళ్తే 'రిమూవ్ టాస్క్ మేనేజర్' కనిపిస్తుంది. అది నాట్ కాన్ఫిగర్డ్ అనే ఉంటుంది. వైరస్ ఈ ఎడిటర్ ద్వారా కాకుండా నేరుగా రెజిస్ట్రీలో రాసింది కదా. చాలామంది అది చూసి, ఇక్కడేమీ లేదని మూసేస్తారు. ఒకసారి ఎనేబుల్డ్ పెట్టి అప్లై కొట్టండి, మళ్లీ నాట్ కాన్ఫిగర్డ్ పెట్టి అప్లై కొట్టండి. అప్పుడు ఆ ఎంట్రీ చెరిగిపోతుంది. రెజిస్ట్రీ ఎడిటర్‌కి కూడా సిస్టమ్ అనే ఫోల్డర్‌లోనే వేరే లైను ఉంది, దానికీ ఇలాగే.

ఇక మీ అమ్మాయి ల్యాప్‌టాప్. దాన్ని ముట్టుకోకండి. మెసేజ్ ఒకటే అయినా అక్కడ దాన్ని పెట్టింది వైరస్ కాదు, ఆ మెషిన్ బాధ్యత చూసే మనిషి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి 'యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్' చూడమనండి. కంపెనీ పేరు కనిపిస్తే ఆ మెషిన్ వాళ్ల నిర్వహణలో ఉన్నట్టే. డొమైన్ పాలసీ, అంటే కంపెనీ నెట్‌వర్క్ నుంచి వచ్చే నియమం, మామూలుగా ప్రతి 90 నిమిషాలకు, లేదా ఆ పైన అరగంట లోపు, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మీరు తీసినా నిలవదు, తీసిన గుర్తు మాత్రం లాగ్‌లలో మిగలొచ్చు. సమాచార సాంకేతిక చట్టం 2000లో 43వ సెక్షన్ మొదలయ్యేదే కంప్యూటర్ యజమాని లేదా దాని బాధ్యుల అనుమతి లేకుండా చేసే పనులతో. విషయం కోర్టుదాకా పోకపోయినా ఉద్యోగం మీదికి వస్తుంది. 'పోయేదేముంది' అన్న మాటకు నా జవాబు ఇదే.

నేనెందుకు మూస్తానో కూడా చెబుతాను. ప్రాక్టికల్ పరీక్షలప్పుడు కొందరు పిల్లలు టాస్క్ మేనేజర్ తెరిచి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌ను ఆపేసేవాళ్లు. అందుకే మూశాను. ఫైనలియర్ అమ్మాయి ఒకతి వచ్చి, ప్రాజెక్టుకి పైథాన్ లైబ్రరీలు వేసుకోవాలి, కమాండ్ ప్రాంప్ట్ కావాలని అడిగింది. ఏ పనికి, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద రాసి తెచ్చింది. ఒక వరుస సిస్టమ్‌లు అలాంటి పనికే తెరిచి ఇచ్చాను. అడిగినవాళ్లను విసుక్కునే అడ్మిన్‌లూ ఉంటారు, అది మా వృత్తిలో తప్పు. అయినా అడగడమే దారి.

తెనాలి డీటీపీ:

మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను. ఎక్స్‌క్లూజన్స్‌లో ఏకంగా సి డ్రైవ్ మొత్తం ఉంది! నేను పెట్టలేదు. తీసేసి ఆఫ్‌లైన్ స్కాన్ పెడితే కొన్ని దొరికాయి, డిలీట్ అయ్యాయి. తర్వాత ఆ ఎనేబుల్డ్, నాట్ కాన్ఫిగర్డ్ పద్ధతితో రెండూ తెరుచుకున్నాయి. రీస్టార్ట్ చేసినా బాగానే ఉన్నాయి. మా అమ్మాయి వాళ్ల ఐటీ హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టింది. ఏ ప్రాజెక్టుకి, ఏ కమాండ్‌లు కావాలో రాయమన్నాను. జవాబు ఇంకా రాలేదు. ఒక కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలన్నీ షార్ట్‌కట్లే. అవి పోయినట్టేనా?

కాకినాడ ల్యాబ్:

చాలా సంతోషమండి. ఫొటోలు చాలావరకు అందులోనే దాగి ఉంటాయి. ఆ షార్ట్‌కట్ల మీద డబుల్ క్లిక్ చేయొద్దు, చేస్తే వైరస్ మళ్లీ నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌ను ముందు స్కాన్ చేసి, ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద హిడెన్ ఐటెమ్స్ టిక్ పెట్టండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసేయండి. అసలు ఫోల్డర్లు మసగ్గా కనిపిస్తాయి, ఒక్కోసారి పేరులేని ఫోల్డర్ లోపల ఉంటాయి. ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌ను కస్టమర్‌కి చెప్పి ఫార్మాట్ చేయండి.

రోజువారీ పనికి ఒక స్టాండర్డ్ అకౌంట్ పెట్టుకోండి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే వాడండి. పేజ్‌మేకర్ పాతది కాబట్టి ఆ అకౌంట్‌లో ఏదైనా మొరాయిస్తే ఇక్కడ రాయండి, చూద్దాం. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఈ ముహూర్తాల పని అవ్వగానే 11కి మారడం గురించి ఆలోచించండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఈ సిస్టమ్‌లో ఎప్పుడైనా కొట్టి ఉంటే, ఈ రోజే ఫోన్ నుంచి మార్చేయండి.