జబీరు నుంచి గన్‌బలాన్యాకి సొంత బండి లేకుండా వెళ్లే దారుందా?

జూలై రెండో వారంలో అమ్మానాన్నలతో ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి కకడూ నేషనల్ పార్క్‌కి వెళ్తున్నాం. మకాం జబీరులో. అక్కణ్ణుంచి ఆర్నెమ్ ల్యాండ్‌లోని ఆదివాసీల ఊరు గన్‌బలాన్యాకి ఒక్క పూట వెళ్లి, ఇంజలాక్ ఆర్ట్ సెంటర్‌లో బెరడు మీద బొమ్మలేయడం, పాండనస్ ఆకులతో బుట్టలల్లడం చూడాలని ఉంది. ఆర్నెమ్ ల్యాండ్‌లోకి వెళ్లే పర్మిట్‌కి నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్‌లో దరఖాస్తు పెట్టాం, దాంతో ఇబ్బంది లేదు.

చిక్కంతా దారిలో నది దాటే చోటు, కేహిల్స్ క్రాసింగ్ దగ్గరే. ఈస్ట్ అలిగేటర్ నది అక్కడ రోడ్డు మీంచే పారుతుంది. పోటు వస్తే నీరు పెరుగుతుంది, పైగా మొసళ్లు. పోటు వేళల పట్టిక చూసి నీళ్లు తగ్గే సమయం పట్టుకున్నా లాభం లేదు: నీళ్లలోంచి దాటితే బీమా వర్తించదని అద్దె కారు ఒప్పందంలోనే ఉంది. ఫోర్‌వీల్ డ్రైవ్‌కి మారుస్తామన్నారు గానీ దానికీ అదే షరతు. టూర్ల వాళ్లని అడిగితే మా తేదీలకి సీట్లు లేవన్నారు (రోజంతా తిప్పే టూరు నాన్న మోకాళ్లకి ఎలాగూ కష్టమే). అక్కడి ఇంజలాక్ కొండ ఎక్కే ఆలోచన లేదు, ఆర్ట్ సెంటర్ ఒక్కటి చాలు.

కారు నదికి ఇవతలే ఆపుకుంటే, మమ్మల్ని అవతలికి తీసుకెళ్లి చీకటి పడేలోపు తిరిగి దింపేవాళ్లు జబీరులో గానీ గన్‌బలాన్యాలో గానీ ఎవరైనా ఉన్నారా?