ఆఫీసు నెట్‌లో తత్కాల్ టికెట్ తీస్తే తప్పేటి? మీ ఆఫీసుల్లో ఎలాగుందో చెప్పండి

రాజాం అకౌంట్స్:
రాజాం దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఆఫీసులో నలభై మందిమి. పోయిన నెల అమ్మని హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సొచ్చి విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి తత్కాల్ తీద్దామనుకున్నాను. ఏసీకి 10 గంటలకి, స్లీపరుకి 11కి తెరుస్తారు. రెండూ డ్యూటీ టైమే. 10:58కి రైల్వే సైటు కొడితే ఎర్ర బోర్డు వచ్చింది. "ప్రయాణాలు, విహారం: ఈ వర్గానికి అనుమతి లేదు" అని. విహారమట! మా గదిలో ఫోన్ సిగ్నల్ ఒక్క గీత ఉండదు. మెట్లు దిగి రోడ్డు మీదకి పరిగెత్తి, ఆధార్ ఓటీపీ కొట్టేసరికి వెయిటింగ్ లిస్టు.

అంతటితో అయిపోతే ఇక్కడ రాయకపోదును. మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఎవరు ఏ సైటు ఎన్నిసార్లు చూశారో పేర్లతో సహా. నా పేరుకి ఎదురుగా క్రికెట్ స్కోరు 212 సార్లు. ఒట్టు, పొద్దున్న ఒకసారి తెరిచి పక్కన పడేశానంతే. ఇప్పుడు టీ తెచ్చే కుర్రాడు కూడా "స్కోరెంత సార్?" అంటున్నాడు. అసలు వాళ్లకి ఏమేం కనబడతాయి?

పలాస జీడి:
వీపీఎన్ ఏసుకో మావా, ఏటి సూత్తన్నావో దాచేత్తాది. నేపోతే ఫోన్ హాట్‌స్పాట్ ఎట్టి ఆఫీసు సిస్టమ్‌కి కలిపేయ్. ఆల్లకేటి తెలుత్తాది?

రాజాం అకౌంట్స్:
సిగ్నలే లేదన్నాను కదా బాబూ, హాట్‌స్పాట్ ఎక్కడినుంచి తెస్తాను?

సిస్టమ్ బాబు:
నేను అవతలి పక్షం మనిషిని. విజయనగరంలో ఒక కంపెనీకి నెట్‌వర్క్ చూస్తాను. తిట్టండి గానీ ముందు వినండి.

సైటు అడ్రసు https తో మొదలైతే లోపల మీరు చదివింది, రాసింది మామూలుగా మాకు కనబడదు. సైటు పేరు మాత్రం కనబడుతుంది. శ్రీకాకుళం బస్సులో ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎవరు దిగారో కండక్టరుకి తెలుస్తుంది, దిగి ఏ ఇంటికి వెళ్లారో తెలీదు. అలాగన్నమాట. అయితే కంపెనీ ఇచ్చిన సిస్టమ్‌లో కంపెనీ తన సొంత సర్టిఫికెట్ పెట్టి ఉంటే, కండక్టరు కూడా మీతో దిగి ఇంట్లోకి వస్తాడు. అప్పుడు పేజీలూ చూడొచ్చు. బ్యాంకు సైట్లని చాలామంది ఈ తనిఖీ నుంచి మినహాయిస్తారు, నేనైతే కచ్చితంగా మినహాయిస్తాను. ఇన్‌కాగ్నిటో అనేది మీ సిస్టమ్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుంది, అంతే. మా దగ్గర దానికి విలువ లేదు.

మీ 212 సంగతి. స్కోరు పేజీ తనంతట తాను రిఫ్రెష్ అవుతూనే ఉంటుంది. ఒక్క పేజీ తెరిస్తే ఫొటోలకి, ప్రకటనలకి, అక్షరాలకి కూడా వేరే చోట్లకి వెళ్లి వస్తుంది. లాగ్‌లో, అంటే మా సిస్టమ్ రాసుకునే చిట్టాలో, పడేది అదంతా. మనిషి చూసిన లెక్క కాదు అది, మిషను అడిగిన లెక్క. "గడిపిన సమయం" అని వచ్చేది ఇంకా అన్యాయం, ట్యాబ్ తెరిచి భోజనానికి వెళ్లినా కలిపేస్తుంది. ఈ ముక్క మా మేనేజర్లకి ఎన్నిసార్లు చెప్పానో. వాళ్లకి రంగురంగుల గ్రాఫు కావాలి.

మరి ఎందుకు బ్లాక్ చేస్తావంటారా? మాకు 50 ఎంబీపీఎస్ లైను. అందులోనే సీసీ కెమెరాలు, బిల్లింగు, బ్యాంకు పనులు. ఇండియా మ్యాచ్ ఉన్న రోజు పదిమంది వీడియో పెట్టారు. సరుకు 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా లారీ కదలకూడదు. ఆ బిల్లు సైటు తెరుచుకోక రెండు లారీలు గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాయి. తిట్లు తిన్నది నేను.

బొబ్బిలి వీణ:
బాబూ, మీ ఫిల్టర్లకి బుద్ధి ఉందేమో చెప్పండి ముందు. నేను తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పనిచేసే ఒక సంస్థలో ఉంటాను. ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు. పల్లెల్లో చూపించడానికి, బిడ్డని ఎలా పట్టుకుని పాలివ్వాలో బొమ్మలు వెతుకుతుంటే "అశ్లీలం" అని మూసేసింది. ఏ సైటు కావాలో, ఎందుకు కావాలో చీటీ రాసి సిస్టమ్ గదిలో ఇవ్వాలట. అక్కడ కూర్చునేది పాతికేళ్ల కుర్రాడు. ఆ చీటీ చదువుతూ వాడు తల ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ జాతకాల సైట్లు మాత్రం నిక్షేపంగా తెరుచుకున్నాయి.

సిస్టమ్ బాబు:
అక్కా, అది పదాన్ని పట్టుకుని మూసే ఫిల్టరు. పాత జబ్బే. 1996లో ఇంగ్లండులో స్కన్‌థార్ప్ అనే ఊరివాళ్లు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీలో ఖాతా తెరవలేకపోయారు, వాళ్ల ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట అక్షరాలు ఉన్నాయని! సస్సెక్స్, మిడిల్‌సెక్స్ లాంటి పేర్లతోనూ ఇలాంటి ఫిల్టర్లకి అదే చిక్కు. మీ దగ్గర ఆ సైట్లని ముందే అనుమతి జాబితాలో పెట్టించండి, ప్రతిసారీ చీటీ అక్కర్లేదు.

గంటస్తంభం:
రిటైరైనవాణ్ణి, సరదాగా చదువుతున్నాను. మా రోజుల్లో నెట్టు లేదు, ఆఫీసు ఫోనుకే తాళం ఉండేది. డయల్ తిరక్కుండా చిన్న తాళంకప్ప. సొంత కాల్ అయితే రిజిస్టరులో రాసి నెలాఖరుకి డబ్బులు కట్టాలి. మా అటెండరు మహానుభావుడు రిసీవరు పెట్టే మీటని నంబరుకి తగ్గట్టు టకటకా కొట్టి తాళం తియ్యకుండానే కలిపేసేవాడు. సున్నా అయితే పది దెబ్బలు. పలాస కుర్రాడి వీపీఎన్ మాట చదివితే వాడే గుర్తొచ్చాడు.

పలాస జీడి:
😂 గురువుగారూ, ఆయనికి నా దండం సెప్పండి.

సచివాలయం చెల్లి:
మీకు బ్లాక్ చెయ్యడానికైనా నెట్టుంది. మా గ్రామ సచివాలయంలో లైను పోతే రెండు రోజులు రాదు. పింఛను వేలిముద్రలైనా, సర్టిఫికెట్లైనా నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే చేస్తున్నాను. రోజుకి 2 జీబీ ప్యాకు మధ్యాహ్నానికే అయిపోద్ది. ఆఫీసు నెట్టు సొంతానికి వాడితే కాగితం అంటిస్తారు గానీ, సొంత నెట్టు ఆఫీసుకి పోస్తే ఎవరు ఏ బోర్డు మీద రాస్తారు?

రాజాం అకౌంట్స్:
చెల్లెమ్మా, ఈ మాట మా హెచ్‌ఆర్‌కి చూపించాలి. నేనూ రాత్రి తొమ్మిదికి ఇంటి వైఫై మీద జీఎస్టీ కట్టినవాణ్ణే.

ల్యాబ్ మనిషి:
పైడిభీమవరం వైపు మందుల కంపెనీలో క్వాలిటీ ల్యాబ్. మాకు నెట్టు అసలే లేదు. ఫోను గేటు దగ్గర లాకరులో. మొదట్లో జైలనిపించింది. హెచ్‌పీఎల్‌సీకి (మందులో ఏది ఎంతుందో కొలిచే యంత్రం) కలిపిన సిస్టమ్‌లో తేదీ, టైము మార్చడానికి కూడా మాకు హక్కు లేదు, ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నా రికార్డవుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే ఇలాంటి రూలు పెట్టింది, తనిఖీలో తేడా దొరికితే అక్కడికి సరుకు పంపడమే ఆగిపోవచ్చు. ఎందుకో చెప్పారు కాబట్టి నాకు కోపం లేదు.

కానీ 2018 అక్టోబరు 10 రాత్రి షిఫ్టులో ఉన్నాను. తిత్లీ తుఫాను వస్తోంది. మా వాళ్లు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు. ఫోను లాకరులో. షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారే ఒంటిగంటకి వచ్చి "బయటికెళ్లి ఫోన్ చేసుకో, నేను చూసుకుంటాను" అన్నారు. ఒక్కసారి మోగింది, అమ్మ ఎత్తింది, "కొబ్బరిచెట్లు పడిపోతున్నాయిరా" అంది. తెల్లారేసరికి టవర్లు లేవు. రెండు రోజులు మాట లేదు. ఆ తర్వాత మా క్యాంటీన్‌లో అందరికీ ఒక ఓపెన్ సిస్టమ్ పెట్టారు. వాతావరణం, రైలు, బ్యాంకు, ఏదైనా చూసుకోవచ్చు. లైనులో నిలబడే చూస్తాం, అరగంట కూర్చునేవాణ్ణి వెనకున్నవాళ్లే లేపేస్తారు.

బొబ్బిలి వీణ:
🙏

రాజాం అకౌంట్స్:
క్యాంటీన్ సిస్టమ్ ఐడియా రాసుకున్నాను. బోర్డు మీద పేర్లు పెట్టడం చట్టప్రకారం కుదురుతుందా?

సిస్టమ్ బాబు:
లాయర్ని కాను. నాకు తెలిసింది చెప్తాను. లాగులు దాచడం మా ఇష్టం కాదు, 2022లో సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రత సంస్థ) ఇచ్చిన ఆదేశం ప్రకారం 180 రోజులు ఉంచాలి. 2023 డేటా రక్షణ చట్టంలో కూడా ఉద్యోగ అవసరాలకి, కంపెనీకి నష్టం జరగకుండా చూసుకోడానికి ఉద్యోగి సమాచారం వాడుకోవచ్చనే ఉంది, ప్రతిదానికీ సంతకం అక్కర్లేదు. కాబట్టి చూడటం తప్పని మీరు వాదించలేరు. కానీ టీ కుర్రాడు చదివేలా అంటించడంలో కంపెనీకి తగ్గిన నష్టమేంటో నన్నడిగితే నాకూ తెలీదు. నోటితో కాకుండా మెయిల్‌లో అడగండి, మర్యాదగా.

జీడి తమ్ముడూ, నీకొకటి. వీపీఎన్ పెడితే లోపల ఏం చూశావో తెలీదు గానీ, వీపీఎన్ పెట్టావని తెలుస్తుంది. దానికే మెమో ఇస్తారు. హాట్‌స్పాట్ ఇంకా ప్రమాదం. మా పాత కంపెనీలో ఒకాయన అలా కలిపి సినిమా దించాడు, దాంతోపాటు వైరస్ దిగి ట్యాలీలో ఉన్న లెక్కల డేటా మొత్తానికి తాళం వేసింది. బ్యాకప్ నెలన్నర పాతది. ఆ నెలన్నర బిల్లులు చేత్తో మళ్లీ ఎక్కించాం. నీ ఫోను, నీ డేటా, నీ చేతిలో చూసుకో. దాన్ని ఆఫీసు వైఫైకి కలపకు, చాలు.

పలాస జీడి:
సర్లే అన్నా, ఒగ్గేసినాను.

రాజాం అకౌంట్స్:
వారం తర్వాత చెప్తున్నాను. మెయిల్ పెట్టాను. కాగితం తీసేశారు. మధ్యాహ్నం 1 నుంచి 2 దాకా వీడియోలు తప్ప అన్నీ తెరిచారు. తత్కాల్ పదికీ పదకొండుకీ కదా అంటే, "చూద్దాం" అన్నారు.

గంటస్తంభం:
ఇంతకీ మీ అమ్మగారి ప్రయాణం ఏమైంది?

రాజాం అకౌంట్స్:
మా బావమరిది పొద్దున్న ఆరింటికే పొందూరు స్టేషన్ కౌంటరు దగ్గర నిలబడి తీశాడండి. లోయర్ బెర్తే దొరికింది.